బామ్మర్ది ఎక్కిన విమానం

కృష్ణకాంత్ సారు మోటర్ సైకిల్ ఇంటి ముంగట ఆగేసరికి జంగయ్య కల్లంల పల్లికాయ ఎండపోస్తున్నడు. చేతులకంటిన మట్టి లుంగికి తుడుచుకుంట ఎదురుపోయిండు. కొల్లాపూర్ల కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పే సారు గంత ఎండల ఊరికెనే రాడు. నిరుడు ఉగాదికి ఊళ్లె జరిగిన చిరుతల భజనను సారు ఫోన్ల పట్టుకొని పోయిండు. సముద్రం అవతల మారిషస్ అనే దేశం ఉన్నదని, అక్కడ తెలుగోళ్లున్నరని, వాళ్లకు పంపుతనని అప్పుడే చెప్పిండు.

"నర్సీ, సారొచ్చిండు. చాయ్ పెట్టు," అని లోపలికి కేకేసి, నులక మంచాన్ని నీడకు జరిపిండు జంగయ్య.

సారు కూసున్నడు. నెత్తి తుడుచుకున్నడు. "మంచి కబురు జంగన్నా. ఆ మారిషస్ తెలుగు సంఘమోళ్లు మన భజన చూసిండ్రు. మీ ఊరి నుంచి ఒకర్ని పంపమంటున్నరు. నెల రోజులు అక్కడుండి నేర్పాలె. ఉగాది నాడు వాళ్లతోని ఆడియ్యాలె. విమానం టికెట్టు, తిండి, ఉండ జాగా, అన్ని వాళ్లే చూసుకుంటరు."

జంగయ్యకు చెవులల్ల గాలి తోలినట్టయింది. ముప్పయ్యేండ్ల సంది ఆ భజనల ముందు ఎత్తుకునే గొంతు తనదే. ఆయిన పాట ఎత్తుకుంటెనే తక్కినోళ్ల చేతులల్ల కట్టె చిరుతలు మోగుతయి. "ఎప్పుడు పోవాలె సార్?" అన్నడు.

"వచ్చే నెల నడుమ." సారు చాయ్ గ్లాసు అందుకొని ఒక గుక్క తాగిండు. "ఐలేశం ఇంటి దగ్గర్నే ఉన్నడా? చేనుకు పోయిండా? ఆయిన నీ బామ్మర్దే గద, నీకు ఒక మాట చెప్పి పోదామని ముందు ఇటొచ్చిన."

జంగయ్యకు ఒక్క నిమిషం ఏం అర్థం కాలే. తర్వాత అర్థమైంది. మొఖం మీది నవ్వును తియ్యాల్నో ఉంచాల్నో తెల్వక అట్లనే ఉంచిండు. గడపల నిలబడ్డ నర్సింగమ్మ మాత్రం "మా ఐలేశమా?" అని రెండు చేతులు చెంపలకు పెట్టుకున్నది. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. తల్లి పోయినంక తమ్ముణ్ణి సంకనేసుకొని సాదింది ఆమె.

"గా వాగు పక్క చేన్ల ఉంటడు సార్," అన్నడు జంగయ్య. "నేనే తోల్కపోత పాండ్రి."

దారిల అడిగిండు. ఐలేశమే ఎందుకని కాదు, అది అడగబుద్ధి కాలే. "ఎంత దూరం సార్ అది?"

"బొంబాయి నుంచి విమానం. నాలుగువేల ఏడువందల కిలోమీటర్లు ఉంటది. అంత సముద్రమే. ఆరు గంటల పైన పడ్తది."

"గంతేనా?" అన్నడు జంగయ్య.

అదొక్కటి ఆయినను శానా బాధపెట్టింది. వయసుల ఉన్నప్పుడు జంగయ్య కూడ పాలమూరు నుంచి బొంబాయికి పనికి పోయినోడే. సాయంత్రం బస్సెక్కితే తెల్లారి పొద్దెక్కినంక దించుతుండె. మోకాళ్లు సీటుకు గుద్దుకుంట, సంకల మూట పెట్టుకొని పోయి, పునాదులు తవ్వి, రెండేండ్లకు తిరిగొచ్చిండు. ఆ బొంబాయి కాడికే ఒక రాత్రి పడితే, సముద్రం దాటి ఇంకో దేశానికి ఆరు గంటలే. అది కూడ కూసొని, అన్నం పెట్టించుకొని. అది కూడ ఐలేశం.

ఐలేశానికి మొదటి అడుగు నేర్పింది జంగయ్యనే. పెండ్లయిన కొత్తల, అక్క ఎంబడి వచ్చిన బక్క పోరగాడు. ఒక చోట నిలబడకపోతుండె. గురువు లచ్చయ్య తాత దగ్గరికి చెయ్యి పట్టుకొని తోల్కపోయి, "వీన్ని కూడ వలయంల నిలబెట్టుకో తాతా" అని చెప్పింది జంగయ్యనే. తాత పోయినంక భజన ఆగిపోకుండ చూసింది, రంది పడి, ఇంటింటికి తిరిగి మనుషులను జమ చేసింది కూడ ఆయిననే. ఐలేశం గొంతు గరుకు గరుకు. పాట ఎత్తుకుంటె ఎవలకు ఎక్కది. కాని కాళ్లు మాత్రం వేరే మనిషియి. వలయంల వాడు తిరుగుతుంటే దుమ్ము కూడ తాళం మీదనే లేస్తుండె. చూసెటోళ్లు జంగయ్య పాట విని, ఐలేశం కాళ్లు చూసి పోతుండ్రి. ఇన్నేండ్లు జంగయ్యకు అది తప్పనిపియ్యలే.

చేను గట్టు మీద సారు ఐలేశానికి అన్ని ఇడమర్చి చెప్పిండు. ఆ మారిషస్ తెలుగోళ్ల తాతముత్తాతలు నూరేండ్ల కంటె ముందు చెరుకు తోటల పనికి ఓడలెక్కి పోయిండ్రట. పాటలు మర్చిపోలేదట. పుస్తకాలల్ల రాసుకొని, అర్థం సగం తెల్వకున్నా పాడుతనే ఉన్నరట. "మాకు పాట ఉన్నది, అడుగులు పోయినయి. అడుగులు నేర్పే మనిషి కావాలె అని రాసిండ్రు," అన్నడు సారు. ఐలేశానికి పాస్‌పోర్టు కూడ ఉండె. ఎన్నడో సౌదికి పోదామని తీసుకున్నడు, ఆ ఏజెంటు పత్తా లేకుండ పోయిండు.

ఐలేశం విని విని, జంగయ్య దిక్కు చూసిండు. "బావా, నువ్వు గద పోవాల్సింది."

ఆ మాట మనసులకెల్లే అన్నడు. జంగయ్యకు మాత్రం జాలి చూపెట్టినట్టు తగిలింది. "నాకేం పని పడ్డది రా. నీ అదృష్టం, నువ్వు పో," అన్నడు.

ఆ దినం సంది ఊరు ఊరంత ఐలేశం పేరే. చాయ్ హోటల్ల, రేషన్ దుకాణం కాడ, బస్సుల. "మీ బామ్మర్ది ఇమానం ఎక్కుతుండట గద" అని జంగయ్యనే ఆపి అడుగుతుండ్రి. ఆయిన నవ్వి "ఔ" అనేది. ఇంటికొచ్చి చెంబు ఇసిరికొట్టేది. నర్సింగమ్మ తమ్మునికి పల్లిపొడి, మామిడి తొక్కు చేసిస్తుంటే ఆ వాసనకే ఆయినకు ముద్ద దిగకపోతుండె. "ఆ దేశంల తిండి లేదా? ఇక్కడి నుంచి మోసుకపోవాల్నా?" అని గదమాయించిండు ఒకనాడు.

భజన కాడ ఇంకా కష్టం. పాట ఎత్తుకుంటుండె గని, కండ్లు ఐలేశం కాళ్ల మీదనే. ఒక్కపారి తాళం కావాలని తొందర చేసిండు, వాడు తప్పుతడేమోనని. వాడు తప్పలే. పాటనే వాని కాళ్లను అందుకోలేక ఆయాసపడ్డది. ఆ రోజు జంగయ్య పడుకోని ఎంతసేపటికి కన్ను మూయలే. ఒక్క పాస్‌పోర్టు తనకుంటే, ఒక్క మాట సారు తన గురించి రాసుంటే అని అదే అదే తిప్పుకుంట ఉన్నడు. సారు రాయనే లేదని కూడ మనసుల అనుకున్నడు. సారు ఇద్దరి గురించి రాసిండని తర్వాత తెలిసింది.

ఐలేశానికి ఒక భయం ఉన్నదని ఊరందరికి ఎరికే. చిన్నగున్నప్పుడు కృష్ణా నదిల పుట్టి పడవ బోల్తపడి, చేపలోళ్లు జుట్టు పట్టి గుంజితే బతికిండు. అప్పటి సంది నది కాడికి పోడు. పుష్కరాల నాడు ఊరంత సోమశిల రేవుల మునుగుతుంటే, ఐలేశం పై మెట్టు మీద కూసొని చెంబుతోని నెత్తి మీద పోసుకున్నడు.

ఆ సంగతి జంగయ్య మర్చిపోలే. ఒక పొద్దుగూకి బామ్మర్ది ఇంటికి పోయిండు. ఐలేశం పెండ్లాం గోవిందమ్మ ఈతాకు సాప ఏసింది. అవి ఇవి మాట్లాడి, జంగయ్య చిన్నగ షురూ చేసిండు.

"సారు నీకు అంత చెప్పిండా? తొవ్వ గురించి?"

"ఆరు గంటలట గద."

"ఆరు గంటలు సరే. ఆ ఆరు గంటలు కింద ఏముంటదో చెప్పిండా?" జంగయ్య బీడి ముట్టించిండు. "బొంబాయి దాటినంక ఇగ నీళ్లే. ఒక ఊరుండది, ఒక గుట్ట ఉండది. ఎటు చూసినా నీళ్లే. ఇంజను ఖరాబైతే బస్సయితే పక్కకు ఆపుతరు. అదెక్కడ ఆగాలె? శ్రీశైలం డ్యాం నిండ నీళ్లు చూసినవ్ గద. అసొంటియి లెక్కలేనన్ని కలిపినా సముద్రంల ఒక మూలకు రావు."

ఐలేశం చేతిల ఉన్న గ్లాసు కింద పెట్టిండు.

"నేను ఎందుకు చెప్తున్ననంటె," అన్నడు జంగయ్య, "రేపు అక్కడ కిటికిలకెల్లి చూసి నువ్వు భయపడకూడదని. ముందుగాల తెలిసుంటే మంచిది గద."

గోవిందమ్మ లోపలికెల్లి వచ్చి నిలబడ్డది. ఆమె జంగయ్య మొఖం చూసింది. జంగయ్య లేచి చెప్పులేసుకున్నడు.

రెండు దినాలకు ఐలేశం సారుకు ఫోన్ చేసి, నేను పోను అన్నడు. వానికి నిద్ర లేదట. కండ్లు మూస్తే నీళ్లే కనపడ్తున్నయట. ఈ కబురు ఇన్న జంగయ్యకు లోపల ఒక తలుపు తెర్సుకున్నట్టయింది. తలకు నూనె రాసుకొని, ఉతికిన అంగి తొడుక్కొని, బస్సెక్కి కొల్లాపూర్ పోయిండు. సారు ఇంటి వరండల కూసొని అడిగిండు.

"సార్, పోరడు భయపడ్డడు. మరి ఊరి పేరు పోతది గద. నేనున్న. నేను పోత."

సారు కుర్చీని దగ్గరికి జరుపుకున్నడు. "జంగన్నా, నీ గొంతు అసొంటిది నేను ఇంకోటి ఇనలే. కాని నీకు పాస్‌పోర్టు లేదు, ఇప్పుడు పెట్టినా టైముకు రాదు. ఇంకోటి, వాళ్లు అడిగింది అడుగులు. నీ మోకాలు నొస్తదని నువ్వే రెండేండ్ల సంది వలయం బయట నిలబడి పాడుతున్నవ్." సారు కండ్లద్దాలు తీసి తుడ్చిండు. "ఐలేశం పోకపోతే ఇగ మన దిక్కు నుంచి ఎవలు పోరు. వాళ్లు వేరే జిల్లా బృందాన్ని అడుగుతరు. ఆ ముక్క రేపే రాయాల్నట."

జంగయ్య తిరుగు బస్సుల నిలబడే వచ్చిండు, సీట్లు ఖాళీగున్నా.

ఇంట్ల గోవిందమ్మ వచ్చి పోయినట్టున్నది. నర్సింగమ్మ పొయ్యి కాడ కూసొని ఉన్నది గని పొయ్యి మండుతలేదు.

"నీళ్ల ముచ్చట నువ్వే చెప్పినవా వానికి?" అన్నది.

"ఉన్నది చెప్పిన. అబద్ధం చెప్పిన్నా?"

"ఉన్నదే. గని ఎందుకు చెప్పినవ్?"

జంగయ్య గోడకు తగిలేసిన చిరుతల దిక్కు చూసుకుంట నిలబడ్డడు.

"మా అమ్మ పోయినప్పుడు వానికి పాలు మరవలే," అన్నది నర్సింగమ్మ. గొంతు పెంచలే. "నీ ఇంటికి నేను వాన్ని తోల్కొస్తే, ఒక్కనాడు నువ్వు మొఖం చిట్లించలే. దానికి నేను నీకు ఇన్నేండ్లు మొక్కుతున్న. అసొంటి మనిషివి, ఇప్పుడు వాని భయాన్ని ఏరుకొచ్చి వాని మీదనే పోసినవ్. నువ్వే పో. పోయి వాన్ని ఇమానానికి బయలెల్లేటట్టు చెయ్యి. ఎట్ల చేస్తవో నాకు తెల్వది."

ఆ దినం ఆమె కంచంల అన్నం పెట్టి, ఎదురుగ కూసోలే.

మర్నాడు పొద్దుగాల్నే జంగయ్య ఐలేశాన్ని లేపిండు. "పా. సోమశిల పోయొద్దాం."

"ఎందుకు?"

"పని ఉన్నది. పా."

రేవు కాడ ఇంజను పడవ అవతలి ఒడ్డుకు మనుషులను ఎక్కించుకుంటుండె. ఐలేశానికి సంగతి అర్థమై ఎనకకు జరిగిండు. జంగయ్య వాని మణికట్టు పట్టుకున్నడు. "నేను పక్కకు కూసుంట. నీ చెయ్యి ఇడువ. అటు పోయి ఇటొద్దాం, గంతే."

వాడు ఎట్ల ఎక్కిండో వానికే తెల్వది. పడవ కదలంగనే కండ్లు గట్టిగ మూసుకున్నడు. మణికట్టు కాడ నాడి కొట్టుకునుడు జంగయ్య వేళ్లకు తెలుస్తుండె. నది నడుమకు వచ్చినంక గాలి సల్లగ తగిలింది. పడవల ఒక ముసలామె మ్యాక పిల్లను ఒళ్లె పెట్టుకొని కూసున్నది, అది అరుస్తనే ఉన్నది. ఐలేశం ఒక కన్ను తెర్సి ఆ పిల్లను చూసిండు. తర్వాత నీళ్లను చూసిండు.

"బావా."

"ఆఁ."

"ఆ దినం నువ్వు కావాలనే చెప్పినవ్ గద."

జంగయ్య వాని చెయ్యి ఇడుద్దామనుకున్నడు, ఇడువలే. ఆయిన తల ఊపింది ఐలేశం చూసిండో లేదో.

"నాకు అప్పుడే తెలిసింది," అన్నడు ఐలేశం. "కోపమొచ్చింది. గని నీ జాగల నేనున్నా గట్లనే చేస్తుంటినేమో. నువ్వు నేర్పిన ఇద్య, నన్ను పిలిస్తే నీకు కాలదా?" కొంచెం సేపటికి మళ్ల అన్నడు, "నువ్వు బొంబాయి దాంక నా ఎంబడి రా. ఇమానం కాడి దాంక వస్తే నేను ఎక్కుత."

సారు రాయాల్సిన ముక్క ఇంకా రాయలే. పోను అన్న మనిషి మళ్ల పోత అన్నడు.

పాలమూరు బస్టాండుల బొంబాయి బస్సు ఎక్కిండ్రు ఇద్దరు. జంగయ్య ఆ బస్సెక్కి శానా ఏండ్లయింది. ఎక్కే మనుషులు మారలే. అవే మూటలు, అవే నీళ్ల డబ్బాలు, పసిపిల్లలు. ఐలేశం కొత్త అంగి తొడుక్కొని, సారు ఇచ్చిన చక్రాల పెట్టె కాళ్ల కాడ పెట్టుకొని కూసుంటే పక్కోళ్లు "ఏ సైటు?" అని అడిగిండ్రు. వాడు సిగ్గుపడుకుంట "మారిషస్" అన్నడు. అది బొంబాయిల ఏ దిక్కు ఉంటదో వాళ్లకు తెల్వలే. జంగయ్యకు నవ్వొచ్చింది, ఆ ఎనకనే కడుపుల మంట కూడ లేచింది. పడవల వాడు మాఫు చేసిండు గని, మంట మాఫు అడిగి రాదు, పొమ్మంటె పోదు.

సైదులు అని జంగయ్య చిన్నాయిన కొడుకు బొంబాయిలనే స్థిరపడ్డడు. వాని ఖోలీల, ఆ ఒక్క అర్రలనే, రెండు రోజులున్నరు. బయలెల్లే పొద్దున ముగ్గురు కలిసి ఆటోల పోయిండ్రు. ఎయిర్‌పోర్టు అద్దాల కాడ పోలీసాయిన టికెట్టు, పాస్‌పోర్టు చూసి ఐలేశాన్ని ఒక్కన్నే లోపలికి ఇడిసిండు. వాడు పోయేముందు వంగి జంగయ్య కాళ్లు మొక్కిండు. లేచి, పెట్టె గుంజుకుంట లోపలికి పోయిండు. ఎనకకు తిరిగి చూడలే. వందల మందిల కలిసిపోయిండు.

జంగయ్య అద్దానికి నొసలు ఆనించి శానసేపు చూసిండు. లోపల నేల నీళ్లోలె మెరుస్తున్నది. తన అసొంటి మనిషి ఒక్కడు ఇట్ల పోంగ చూసుడు ఆయినకు అదే మొదటిసారి. ఆ ఒక్కడు తను కాకపాయె.

ఖోలీకి వచ్చినంక సైదులు ఫోన్ తీసిండు. విమానాలు ఎక్కడెక్కడ పోతున్నయో చూపెట్టే యాప్ ఒకటి ఉన్నది దాంట్ల. నెంబరు కొడితే నీలం రంగు మీద ఒక చిన్న పసుపు విమానం కనబడ్డది. "ఇగో, ఇదే మనోనిది," అన్నడు సైదులు.

జంగయ్య ఫోన్ను చేతిలకు తీసుకున్నడు. ఒడ్డు ఇడిసి సముద్రం మీదికి పోయిందది. కదులుతున్నట్టు కనబడది గని, చాయ్ తాగి చూస్తే జరిగి ఉంటది. ఇప్పుడు వానికి అన్నం పెడ్తుంటరు. కిటికి పక్కన కూసొని ఉంటడు. పెద్ద మనిషోలె కాళ్లు సాపుకొని ఉంటడు. ఇట్ల అనుకుంట అనుకుంట, ఒక్కపారి, ఒక్క రెప్పపాటు, అది అక్కడ ఆగిపోతే మంచిగుండు అని కూడ అనుకున్నడు. అనుకొని జడుసుకున్నడు.

కొంచెం సేపటికి సైదులు "అరే" అన్నడు.

పసుపు విమానం లేదు. నీలం ఒక్కటే ఉన్నది. సైదులు ఫోన్ను ఆపి మళ్ల పెట్టిండు. నెంబరు మళ్ల కొట్టిండు. లేదు.

"ఏమైంది?" జంగయ్య లేచి నిలబడ్డడు. "ఏమైంది రా? ఏడ పోయిండు వాడు?"

"సిగ్నల్ లేదనుకుంట అన్నా. నాకు తెల్వది."

"తెల్వదంటె ఎట్ల? నడి సముద్రంల రా వాడు!"

అప్పుడే నర్సింగమ్మ ఫోన్ వచ్చింది. "ఏడి దాంక పోయిండు తమ్ముడు?" అని అడిగింది ఆమె. "పోతాండు," అన్నడు జంగయ్య. "మంచిగనే పోతాండు. నువ్వు ఫికర్ చెయ్యకు." ఫోన్ పెట్టేసి గోడకు కూలబడ్డడు. తను అనుకున్న మాటను ఎవలో ఇన్నరని, అందుకే తుడిచేసిండ్రని ఆయినకు అనిపించింది. నీళ్ల ముచ్చట తను చెప్తుంటె గ్లాసు కింద పెట్టిన ఐలేశం చెయ్యి కండ్ల ముంగట ఆడింది. సైదులు అన్నం పెడితే ముట్టలే. బయట మెట్ల కింద టికెట్లు బుక్ చేసే ఒక పిలగాని దుకాణం ఉంటే, అక్కడికి పరుగు పెట్టిండ్రు ఇద్దరు. ఆ పిలగాడు చూసి, ఏం కాలేదని చెయ్యి ఊపిండు. సముద్రం నడుమల ఒడ్డున ఉండే యంత్రాలకు అందదట. ఇట్ల శానా విమానాలు మాయమైతయట, ఒడ్డు దగ్గర పడ్డంక మళ్ల కనబడ్తయట.

జంగయ్య నమ్మలే. ఖోలీల కూసొని ఆ ఖాళీ నీలాన్నే చూసిండు. ఎంతసేపో. ఎండ గుమ్మం దాటి పోయింది. ఆఖరికి నీలం చివరల, ఒక చిన్న గింజంత దేశం పక్కన, పసుపు విమానం మళ్ల తేలింది. సైదులు చప్పట్లు కొట్టిండు. జంగయ్య తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకున్నడు.

తర్వాత ఐలేశం ఫోన్ చేసిండు. "బావా, దిగిన. ఇక్కడ మనకంటె గంటన్నర ఎనక నడుస్తున్నది పొద్దు. తొవ్వంత నిద్రపోయిన, ఏం తెల్వలే." జంగయ్యకు అంత ఏడుపుల కూడ చెడ్డ కోపమొచ్చింది.

ఆ నెల రోజులు ఫోటోలొచ్చినయి. చెరుకు తోటల నడుమ గుడి, పూల పూల అంగిల ఐలేశం, వాని చుట్టు పదుగురు. ఊరోళ్లు జంగయ్య ఇంటికొచ్చి చూసిపోతుండ్రి. ఒక ఆదివారం వీడియో ఫోన్ వచ్చింది. పెద్ద హాలు, వలయం కట్టి నిలబడ్డ ఆడ మగ, చేతులల్ల చిరుతలు. ఐలేశం చెమటలు కారుకుంట ఫోన్ దగ్గరికి వచ్చిండు.

"బావా, లచ్చయ్య తాత పాట వీళ్లు పాడుతలేరు, వీళ్ల పుస్తకాలల్ల లేదు. నేను పాడితే ఎట్లుంటదో నీకు ఎరికే. నా అడుగంత ఆ పాట మీదనే ఉన్నది. జర ఎత్తుకో."

జంగయ్య పెండ్లాం దిక్కు చూసిండు. నర్సింగమ్మ ఆయిన దిక్కు చూడకుండ బియ్యం ఏరుతనే ఉన్నది. ఇయ్యాళ నాకు గొంతు బాగలేదు అనొచ్చు. అది నోటి దాంక వచ్చింది కూడ. తర్వాత గొంతు సవరించుకొని ఎత్తుకున్నడు.

ఫోన్ల వాళ్లు కదిలిండ్రు. కాని తాళం తప్పి కదిలిండ్రు. జంగయ్య ఒక చరణం మీద ఉంటె వాళ్ల కాళ్లు అంతకుముందు దాని మీద ఉన్నయి. "ఎనక పడ్తాండ్రు!" అని పాట ఆపిండు.

"ఆపకు బావా!" ఐలేశం అరిసిండు. "ఇక్కడ సరిగ్గనే పడ్తాంది. నీ పాట మా కాడికి ఆలస్యంగ వస్తది, మా ఆట నీ కాడికి ఇంకా ఆలస్యంగ పోతది. నువ్వు మమ్ములను చూడకు. కండ్లు మూసుకొని పాడు."

జంగయ్య కండ్లు మూసుకొని పాట చివరి దాంక పాడిండు. నర్సింగమ్మ చేట పక్కన పెట్టింది. అటు దిక్కు నుంచి చప్పట్లు కొంచెం సేపటికి వచ్చినయి. ఒక ముసలాయిన ఫోన్ల మొఖం పెట్టి, పలుకు వంకర పోతున్న తెలుగుల "గురువుగారు, దండం" అన్నడు.

ఐలేశం తిరిగొచ్చినంక జంగయ్య పాస్‌పోర్టుకు పెట్టుకున్నడు. మర్సటి ఉగాదికి ఇద్దర్ని పిలిచిండ్రు. ఆ ఏడే కరోనా వచ్చి విమానాలు, బస్సులు అన్ని ఆగినయి. రెండేండ్లు పోయినంక ఇద్దరు కలిసి పోయిండ్రు. జంగయ్య పాడిండు, ఐలేశం ఆడిచ్చిండు. అక్కడ అందరు ఐలేశం కాళ్లకే ముందు మొక్కిండ్రు, వాళ్లకు ముందు తెలిసిన గురువు వాడే గద. జంగయ్య ఆ సంగతి ఇంటికొచ్చి నర్సింగమ్మకు మూడు దినాలు చెప్పిండు.

ఈ ఏడు సారు మళ్ల వచ్చిండు. ఈసారి ఆడోళ్ల పాటలు కావాల్నట అక్కడ, నాట్లేసేటప్పటియి, బతుకమ్మయి. నర్సింగమ్మను, గోవిందమ్మను పంపమన్నరు. నర్సింగమ్మ నవ్వుకుంట "నేనా? నేనేం పోత" అన్నది గని, పాస్‌పోర్టు ఫోటో దిగేటందుకు కొత్త చీర తీసి మడతలు దులుపుకున్నది. ఫోటో స్టూడియోల ఆమె కుర్చీల కూసుంటే, పిలగాడు "కొంగు సరిజెయ్యి అవ్వా" అన్నడు. జంగయ్య తలుపు కాడ నిలబడి చూసిండు. ఆమె మొఖం అంత ఎలుగుగ ఉండుడు ఆయిన పెండ్లి నాడు కూడ చూడలే. లోపల ఏదో కలుక్కుమన్నది.

"నెల రోజులు నాకు వండి పెట్టేదెవలు?" అన్నడు.

"ఐలేశం ఉంటడు గద," అన్నది నర్సింగమ్మ, ఫోటో పిలగాని దిక్కు సూటిగ చూసుకుంటనే. "ఇద్దరు కూడి వండుకోండ్రి."